టైమ్‌అవుట్ అంటే తిరస్కరణ కాదు

ఈ వారం జీఎస్ పేపర్-2లో ఈ-గవర్నెన్స్ చాప్టర్ మళ్ళీ ఒకసారి తిరగేశాను. మీరూ చదివే ఉంటారు. ప్రయోజనాల కింద పారదర్శకత, వేగం, దళారులు లేకపోవడం అని ఉంటాయి. పరిమితుల కింద డిజిటల్ అంతరం, సైబర్ భద్రత, చివర్లో ‘సాంకేతిక సమస్యలు’. ఆ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నా నోట్సులోనూ అది రెండు పదాలే. కానీ అలాంటి సాంకేతిక సమస్య ఒకటి నేనే తయారుచేశాను. జావాలో, నాలుగు లైన్లలో, నా చేత్తోనే రాశాను.

ఈ వ్యాసం ఆ నాలుగు లైన్ల గురించి. మీకు కోడింగ్ రాకపోయినా ఇబ్బంది లేదు, అవసరమైనంత వరకూ వివరిస్తాను. కోడింగ్ వచ్చినవాళ్ళకి మాత్రం రెండు మూడు చోట్ల ‘మేమూ ఇలాగే రాశాం’ అనిపించవచ్చు. అనిపిస్తే, ఒకసారి మీ పాత కోడ్ తెరిచి చూడండి.

పని ఏమిటంటే

నేను చదివింది ఈసీఈ. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో కోర్ జావా, తర్వాత స్ప్రింగ్ నేర్చుకుని హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. మా కంపెనీ ఒక పెద్ద కంపెనీకి సబ్ కాంట్రాక్టరు. ఆ పెద్ద కంపెనీ ఒక ప్రభుత్వ శాఖకి స్కాలర్‌షిప్ దరఖాస్తుల పోర్టల్ నడిపేది. శాఖవాళ్ళకి మేము తెలియదు, విద్యార్థులకి మేము అసలే తెలియదు. దరఖాస్తు ‘సబ్మిట్’ నొక్కిన తర్వాత జరిగే తనిఖీ మాత్రం మా చేతుల్లో ఉండేది.

తనిఖీ ఎలా జరుగుతుందో చెప్తాను. మనుషుల కోసం వెబ్‌సైట్ ఉన్నట్టే, ప్రోగ్రాముల కోసం వెబ్ సర్వీస్ ఉంటుంది. ఒక ప్రోగ్రాము ప్రశ్న పంపుతుంది, అవతలి ప్రోగ్రాము జవాబిస్తుంది. విద్యార్థి దరఖాస్తు పెట్టగానే మా సర్వీస్ మూడు చోట్ల అడిగేది. మార్కులు నిజమేనా అని పరీక్షల బోర్డు సర్వీస్‌ని, బ్యాంకు ఖాతా ఉందా అని బ్యాంకు సర్వీస్‌ని, ఆదాయ ధ్రువపత్రం సరైనదేనా అని రెవెన్యూ వాళ్ళ సర్వీస్‌ని. మూడింటి దగ్గర్నుంచీ ‘అవును’ వస్తే దరఖాస్తు ముందుకి పోతుంది. ఏ ఒక్కటి ‘కాదు’ అన్నా తిరస్కరణ, ఫోన్‌కి ఒక ఎస్సెమ్మెస్.

మొదటి రెండూ కొత్తవి, రెస్ట్ పద్ధతిలో ఉండేవి. ఆదాయానిది పాతది, సోప్ పద్ధతి. సోప్ 1.1 అనేది 2000లో డబ్ల్యూ3సీ దగ్గర నోట్‌గా వచ్చింది, 1.2 అనేది 2003లో అధికారిక సిఫారసు అయింది. ఇందులో ప్రతి సందేశం ఒక ఎక్స్‌ఎంఎల్ కవరు. ఏ ప్రశ్న అడగవచ్చు, జవాబులో ఏయే వివరాలు ఉంటాయి అన్నది డబ్ల్యూఎస్‌డీఎల్ అనే ఫైల్లో ఒప్పందంలాగా రాసి ఉంటుంది. దాన్నుంచి జావా క్లాసులు వాటంతట అవే తయారవుతాయి. అందుకే జావా 6 నుంచి దానికి కావలసిన జాక్స్-డబ్ల్యూఎస్ లైబ్రరీని జావాలోనే కలిపి ఇచ్చేవారు. 2018లో వచ్చిన జావా 11లో తీసేశారు. మా ప్రాజెక్టు జావా 8 దాటకపోవడానికి అదొక కారణం. పాత సర్వీసుల్ని కదిలించడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దు అన్నది ఆ ఆఫీసులో మొదటి రోజే నేర్పిన పాఠం.

మొదటి తప్పు: ఎదురుచూపుకి హద్దు లేకపోవడం

దరఖాస్తుల గడువు దగ్గరపడే రోజులు. ఉదయం పదకొండు దాటగానే పోర్టల్ మొత్తం స్తంభించేది. ఆదాయం పేజీ ఒక్కటే కాదు, అసలు లాగిన్ పేజీ కూడా తెరుచుకునేది కాదు. సర్వర్ చూస్తే సీపీయూ ఖాళీగా ఉంది, మెమరీ ఖాళీగా ఉంది. పనేమీ లేదు, అయినా ఊపిరాడటం లేదు.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. జావాతో పాటే వచ్చే జేస్టాక్ అనే పనిముట్టుతో థ్రెడ్ డంప్ తీయాలి. అంటే ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏ లైన్ దగ్గర ఉందో ఒక జాబితా. ఒకటి తీస్తే చాలదు. పది సెకన్ల తేడాతో మూడు తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. మూడింటిలోనూ అదే థ్రెడ్ అదే లైన్ దగ్గర ఉంటే, అది పనిచేయడం లేదు, ఎదురుచూస్తోంది. నేను తీసిన మూడింటిలోనూ దాదాపు అన్ని థ్రెడ్లూ సాకెట్ నుంచి చదివే లైన్ దగ్గర ఆగి ఉన్నాయి. అన్నీ ఆదాయం సర్వీస్ జవాబు కోసమే.

టామ్‌క్యాట్ సర్వర్‌లో మనం ఏమీ మార్చకపోతే గరిష్ఠంగా 200 థ్రెడ్లు. ఒక్కో అభ్యర్థనకి ఒక్కో థ్రెడ్. సెకనుకి 20 దరఖాస్తులు వచ్చి, ఒక్కటీ కదలకుండా నిలబడితే, పది సెకన్లలో 200 అయిపోతాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు లాగిన్ కోసం వచ్చినా, ఫోన్ నంబరు మార్చుకోవడానికి వచ్చినా బయటే ఉండాలి. రేషన్ షాపులో ఒక్కరి వేలిముద్ర పడకపోతే వెనక లైనంతా నిలబడిపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే.

మరి అవతలివాళ్ళు జవాబివ్వకపోతే మా థ్రెడ్ ఎంతసేపు ఎదురుచూడాలి? జావాలో హెచ్‌టీటీపీ కనెక్షన్‌కి టైమ్‌అవుట్ మనం పెట్టకపోతే దాని విలువ సున్నా. సున్నా అంటే వెంటనే వదిలేయమని కాదు, ఎంతకాలమైనా ఆగమని. మేము పెట్టలేదు. ఆ శుక్రవారం రాత్రి నేను రెండు విలువలు పెట్టాను. కనెక్షన్ కలవడానికి 2 సెకన్లు, జవాబు రావడానికి 5 సెకన్లు. సోమవారం పోర్టల్ హాయిగా నడిచింది. పెద్ద కంపెనీ నుంచి అభినందిస్తూ మెయిల్ వచ్చింది. మా మేనేజరు దాన్ని అందరికీ ఫార్వర్డ్ చేశాడు. ఇంట్లో అమ్మకి కూడా చెప్పాను.

రెండో తప్పు: నాలుగు లైన్లు

ఆదాయం సరిపోయిందా అని చూసే మెథడ్ అంతకు ఆరు నెలల ముందు నేనే రాశాను. అది ఇచ్చే జవాబు బూలియన్, అంటే నిజం లేదా అబద్ధం. మూడో మాటకి చోటు లేదు. ట్రై బ్లాక్‌లో సర్వీస్‌ని అడిగి, వచ్చిన జవాబుని దరఖాస్తుతో పోల్చేది. క్యాచ్ బ్లాక్‌లో, ఏ ఎక్సెప్షన్ వచ్చినా సరే, రిటర్న్ ఫాల్స్. కంపైలర్ ఏదో ఒక విలువ ఇమ్మని అడుగుతుంది కాబట్టి ఇచ్చాను. లాగ్‌లో ఒక్క లైను కూడా రాయలేదు.

టైమ్‌అవుట్ లేని రోజుల్లో ఆ క్యాచ్ బ్లాక్‌కి పెద్దగా పని పడలేదు. థ్రెడ్ ఎదురుచూస్తూనే ఉండేది కాబట్టి ఎక్సెప్షన్ వచ్చేదే కాదు. నేను టైమ్‌అవుట్ పెట్టిన సోమవారం నుంచి దానికి పని మొదలైంది. ఆదాయం సర్వీస్ 5 సెకన్లలో జవాబివ్వలేకపోయిన ప్రతిసారీ మా కోడ్ ‘అబద్ధం’ అని చెప్పింది. దాన్ని తీసుకున్న తర్వాతి ప్రోగ్రాము ‘ఆదాయ ధ్రువపత్రం వివరాలు సరిపోలలేదు’ అని రాసి, స్థితి కాలమ్‌లో తిరస్కరణకి గుర్తుగా ఒక్క అక్షరం పెట్టి, ఎస్సెమ్మెస్ పంపేసింది. ఎక్కడా ఎర్రర్ లేదు. సర్వర్ చల్లగా ఉంది. పోర్టల్ వేగంగా ఉంది. నా మొదటి పరిష్కారం బాగా పనిచేసినకొద్దీ, అర్హులైనవాళ్ళని అంత వేగంగా తిరస్కరిస్తోంది.

రెండు వారాల్లో టికెట్లు రావడం మొదలైంది. అప్పట్లో టికెట్లకి జవాబిచ్చే పని కూడా నాదే. ఒక అమ్మాయి రాసింది: సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది, తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళి చూపిస్తే అంతా సరిగానే ఉందన్నారు, మీ దాంట్లో మాత్రం సరిపోలేదని వస్తోంది, ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి? నేను లాగ్ చూశాను, ఏ ఎర్రరూ లేదు. డేటాబేస్ చూశాను, తిరస్కరణ అని ఉంది. కాబట్టి నా జవాబు ఇలా రాశాను: ‘డేటా మిస్‌మ్యాచ్. దరఖాస్తుదారు సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించవలెను.’ టికెట్ మూసేశాను.

అలా తొమ్మిది టికెట్లు మూశాను. తొమ్మిది మందిని తిరిగి అదే తహసీల్దారు ఆఫీసుకి పంపించాను. ఆ వాక్యంలో ఎవరు సరిపోల్చారో లేదు, ఎప్పుడు సరిపోల్చారో లేదు, ఏది సరిపోలలేదో లేదు. ఇప్పుడు ఎథిక్స్ పేపర్‌లో జవాబుదారీతనం గురించి రాసేటప్పుడు నాకు ముందు ఆ వాక్యమే గుర్తొస్తుంది. కర్త లేని వాక్యం రాయడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

పదో టికెట్ ఒక కాలేజీ గుమస్తా పంపాడు. ఒకే కాలేజీ నుంచి పద్నాలుగు మంది పేర్లు, ఒక్కొక్కరు దరఖాస్తు పెట్టిన సమయంతో సహా ఎక్సెల్ షీటులో పెట్టాడు. పద్నాలుగూ పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యే ఉన్నాయి. అదే కాలేజీలో రాత్రి పూట పెట్టినవాళ్ళందరికీ ఆమోదం వచ్చింది. సర్టిఫికెట్ మధ్యాహ్నం తప్పై రాత్రికి ఒప్పు కాదు కదా. ఆయనకి జావా తెలియదు. మా కోడ్‌లో తప్పెక్కడుందో చూపించింది మాత్రం ఆయన షీటే.

ఆ సాయంత్రం నా ల్యాప్‌టాప్‌లో ఆదాయం సర్వీస్‌కి ఒక నకిలీ తయారుచేశాను. అది పది సెకన్లు నిద్రపోయి ఆ తర్వాత సరైన జవాబు ఇస్తుంది. నా సొంత వివరాలతో, సరైన సంఖ్యలతో, ఒక దరఖాస్తు పెట్టాను. ఐదు సెకన్లకి స్క్రీన్ మీద నా పేరు, దాని కింద ‘వివరాలు సరిపోలలేదు’ అని వచ్చింది. అవతలి సర్వీస్ ఇంకా నోరే విప్పలేదు. అప్పటికే మేము దాని తరఫున తీర్పు చెప్పేశాం.

ప్రోటోకాల్‌కి తెలిసినది మాకు తెలియలేదు

తర్వాత కూర్చుని చదివితే సిగ్గేసింది. ఈ తేడాని గుర్తించే ఏర్పాటు సోప్‌లో మొదటి నుంచీ ఉంది. పొరపాటు జరిగితే మామూలు జవాబు బదులు ‘ఫాల్ట్’ అనే ప్రత్యేక భాగం వస్తుంది. అందులో తప్పు అడిగినవాడిదా, జవాబివ్వాల్సినవాడిదా అని చెప్పే కోడ్ ఉంటుంది. 1.1లో క్లయింట్, సర్వర్ అన్నారు. 1.2లో సెండర్, రిసీవర్ అన్నారు. హెచ్‌టీటీపీలోనూ అంతే. 400 వరుసలో ఉన్నవి అడిగినవాడి తప్పులు, 500 వరుసలో ఉన్నవి సర్వర్ తప్పులు. 504 అంటే అచ్చంగా మా పరిస్థితే: మధ్యలో ఉన్నవాడికి వెనకనుంచి సమయానికి జవాబు రాలేదు. జావాలో కూడా సోప్ ఫాల్ట్‌కి ఒక ఎక్సెప్షన్, సాకెట్ టైమ్‌అవుట్‌కి వేరే ఎక్సెప్షన్ ఉన్నాయి. ఇన్ని చోట్ల ఇంత జాగ్రత్తగా విడదీసి ఇచ్చిన సమాచారాన్ని నేను ‘ఎక్సెప్షన్’ అనే ఒకే బుట్టలో వేసి, బుట్టనే పారేశాను.

దిద్దుబాటు పెద్ద కష్టం కాలేదు. బూలియన్ తీసేసి మూడు విలువల ఈనమ్ పెట్టాం: సరిపోయింది, సరిపోలేదు, తేలలేదు. ‘తేలలేదు’ అయితే దరఖాస్తు క్యూలోకి పోతుంది. కొంతసేపటికి మళ్ళీ అడుగుతాం. రాకపోతే ఆ వ్యవధిని రెట్టింపు చేసి మళ్ళీ అడుగుతాం. అందరినీ ఒకేసారి మళ్ళీ అడిగితే ఆయాసపడుతున్న సర్వీస్ మీద ఇంకా బరువు పడుతుంది కాబట్టి, వ్యవధిలో కొంచెం అటూఇటూ తేడా కలిపాం. ఆదాయం తనిఖీకి వేరే థ్రెడ్ల గుంపు కేటాయించాం, అది నిండినా లాగిన్ ఆగదు. ప్రతి ప్రశ్నకీ జవాబుకీ దరఖాస్తు సంఖ్య, సమయం, వచ్చిన కోడ్ లాగ్‌లో రాశాం. మళ్ళీ అడగడంలో ఒక జాగ్రత్త ఉంది, అదీ గుర్తుంచుకోండి. ‘సర్టిఫికెట్ ఉందా’ అని పదిసార్లు అడిగినా నష్టం లేదు. ‘డబ్బు జమ చెయ్యి’ అని రెండుసార్లు అడిగితే రెండుసార్లు జమ కావచ్చు. అలాంటి వాటికి ప్రతి లావాదేవీకీ ఒక విడి సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్ళీ వస్తే కొత్తగా చేయకుండా పాత ఫలితమే చెప్పాలి.

కష్టమంతా పాత తిరస్కరణల దగ్గర వచ్చింది. శాఖ నుంచి ఒక డిప్యూటీ డైరెక్టరు మీటింగ్‌కి వచ్చారు. ఆవిడ కోడ్ గురించి అడగలేదు, ఎవరు రాశారనీ అడగలేదు. ఒకటే అడిగారు: “ఇన్ని తిరస్కరించారు కదా, ఇందులో నిజంగా చూసి తిరస్కరించినవి ఎన్ని?”

మా దగ్గర జవాబు లేదు. టైమ్‌అవుట్ అయినవీ, నిజంగా సరిపోలనివీ డేటాబేస్‌లో ఒకే అక్షరంగా ఉన్నాయి. లాగ్ లేదు. రెండింటినీ విడదీసే ఆధారాన్ని నా క్యాచ్ బ్లాక్ పుట్టినచోటే చంపేసింది. కాబట్టి ఆ సోమవారం తర్వాత తిరస్కరించిన ప్రతి దరఖాస్తునీ మళ్ళీ తనిఖీ చేయాల్సి వచ్చింది. ఆవిడ సవరణ గడువు ఒక వారం పెంచి, అందరికీ మళ్ళీ ఎస్సెమ్మెస్ పంపించారు. రాత్రిపూట, సర్వీస్ ఖాళీగా ఉన్నప్పుడు, మెల్లగా మళ్ళీ నడిపాం. ఎక్కువ భాగం సరిపోయాయి.

సరిపోలని వాటిలో కూడా కొన్ని మావే. స్థానిక లిపిలో ఉన్న పొడుగు పేర్లు. తెలుగు పేరుతో ఉదాహరణ చెప్తాను. ‘శ్రీనివాసరావు’ మనకి ఆరు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేస్తే, 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, అంటే 39 బైట్లు. ఆంగ్లంలో అయితే ఒక్కో అక్షరానికి ఒక్క బైటే. పేరుకి 30 బైట్లు చాలనుకుని అక్కడ కత్తిరించే కోడ్ ఉంటే ఆయన ‘శ్రీనివాసర’ అయిపోతాడు. ఆ తర్వాత అవతలి రికార్డుతో పోల్చితే ఎప్పటికీ సరిపోలడు. 30 అన్న అంకె వేసినవాడికి ఎవరి మీదా పగ లేదు. వాడి మనసులో ఉన్న పేరు ఆంగ్లంలో ఉంది, అంతే.

నేను మొదట మూసేసిన ఆ అమ్మాయి దరఖాస్తు సరిపోయింది. పాత టికెట్ తెరిచి, తప్పు మాదేననీ, ఆమోదం వచ్చిందనీ రాశాను. దానికి తిరుగు జవాబు రాలేదు.

మౌనానికి చట్టం ఏం చెప్పింది

ఇక్కడిదాకా కథ. దీనివల్లే నేను సివిల్స్‌కి వచ్చానని ఇంటర్వ్యూ బోర్డు ముందు చెప్తే బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఉద్యోగంలో చేరకముందే అనుకున్నాను. అయితే ఈ సంఘటన తర్వాత పాలిటీ చదివే పద్ధతి మారింది. ప్రతి చట్టంలోనూ ఒక చోటు వెతుకుతాను: ఆఫీసు జవాబివ్వకపోతే ఏమవుతుంది?

సమాచార హక్కు చట్టం, 2005 తీసుకోండి. సెక్షన్ 7(1) ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక వ్యక్తి ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. అంటే ప్రశ్న తీవ్రతని బట్టి వేర్వేరు టైమ్‌అవుట్లు. గడువులోగా నిర్ణయం రాకపోతే? సెక్షన్ 7(2) ప్రకారం నిరాకరించినట్టే లెక్క. మొదటిసారి ఇది చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. నా రిటర్న్ ఫాల్స్ కూడా ఇదే కదా! మౌనాన్ని ‘కాదు’ అనుకోవడమే కదా!

రెండోసారి చదివితే తేడా అర్థమైంది. ఇక్కడ మౌనాన్ని నిరాకరణగా లెక్కించేది దరఖాస్తుదారు కోసం. ఆయన ఇంకా ఎదురుచూస్తూ కూర్చోకుండా సెక్షన్ 19 కింద మొదటి అప్పీలుకి వెళ్ళడానికి. పైగా గడువు దాటాక ఇచ్చే సమాచారం సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి సెక్షన్ 20 కింద రోజుకి 250 రూపాయల చొప్పున, 25,000 మించకుండా జరిమానా. మౌనం ఖరీదు మౌనంగా ఉన్నవాడి మీదే పడింది. నా కోడ్‌లో మౌనం ఖరీదు ప్రశ్న అడిగినవాళ్ళ మీద పడింది.

అదే చట్టంలో సెక్షన్ 7(8) కూడా చూడండి. నిరాకరిస్తే మూడు విషయాలు చెప్పాలి: కారణం, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఎవరికి చేసుకోవాలి. ఏ వెబ్ సర్వీస్ ఎర్రర్ సందేశానికైనా ఇంతకంటే మంచి నమూనా నేను చూడలేదు. సెక్షన్ 6(3) ప్రకారం దరఖాస్తు తప్పు ఆఫీసుకి వస్తే, సరైన ఆఫీసుకి దాన్ని బదిలీ చేయాల్సింది ఆ ఆఫీసే, అదీ ఐదు రోజుల్లోపు. ‘సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించవలెను’ అని తిప్పి పంపడానికి వీల్లేదు.

ఇంకో ఉదాహరణ మన జేబులోనే ఉంది. యూపీఐలో డబ్బు పంపితే మీ ఖాతాలో తగ్గింది, అవతలివాళ్ళకి చేరలేదు, స్క్రీన్ మీద ‘పెండింగ్’. అది ‘తేలలేదు’ అన్న మూడో స్థితే. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్‌లో ఇలాంటి విఫల లావాదేవీలకి గడువులు పెట్టింది. యూపీఐలో వ్యక్తికి పంపిన డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే. తేలని స్థితి వస్తుందని ముందే ఒప్పుకోవడం, దానికి గడువు పెట్టడం, భారం వ్యవస్థ మీద వేయడం. మూడూ అందులో ఉన్నాయి.

ఆధార్ చర్చలో కూడా ఈ కోణం వాడుకోవచ్చు. ఆధార్ ధ్రువీకరణ సర్వీస్ అవును, కాదు అని చెప్పడమే కాకుండా, కాదన్నప్పుడు కారణం కోడ్ కూడా ఇస్తుంది. 300 అంటే బయోమెట్రిక్ సరిపోలలేదని. నెట్‌వర్క్ లేకపోవడం పూర్తిగా వేరే విషయం, అప్పుడు అసలు జవాబే రాదు. కూలిపనితో వేళ్ళు అరిగిన మనిషికీ, సిగ్నల్ అందని ఊరికీ కావలసిన పరిష్కారాలు వేరు. షాపు దగ్గర రెండూ ‘మెషిన్ తీసుకోవట్లేదు’ అన్న ఒకే మాటైతే, రెండింటికీ పరిష్కారం దొరకదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో సంక్షేమ పథకాలకి సంబంధించిన సెక్షన్ 7ని సమర్థించింది. అదే సెక్షన్ నిబంధనలో, ఆధార్ నంబరు కేటాయించని వ్యక్తికి ప్రత్యామ్నాయ గుర్తింపు మార్గం చూపాలని ఉంది. జస్టిస్ చంద్రచూడ్ తన భిన్న తీర్పులో ధ్రువీకరణ వైఫల్యంతో హక్కుదారులు పథకాలకి దూరమయ్యే ప్రమాదాన్ని చర్చించారు. ఆ తీర్పు చదివేటప్పుడు నాకు మధ్యాహ్నం పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య పెట్టిన పద్నాలుగు దరఖాస్తులు కనిపించాయి.

మీ జవాబులోకి

మెయిన్స్‌లో ‘సాంకేతిక సమస్యలు’ అని రాసే చోట ఇకమీదట ఒక్క అడుగు లోపలికి వెళ్ళి రాయండి. సమస్య సర్వర్ ఆగిపోవడం ఒక్కటే కాదు. ఆగిపోయిన సర్వర్‌ని మనిషి అనర్హతగా రాసుకోవడం అంతకన్నా పెద్ద సమస్య. మొదటిది బయటికి కనిపిస్తుంది, పేపర్లో వస్తుంది, ఒక పూటలో బాగుపడుతుంది. రెండోది ఎక్కడా కనిపించదు, ఎందుకంటే రికార్డులో అంతా సక్రమంగానే ఉంటుంది. పరిష్కారాల కింద ‘మౌలిక వసతుల మెరుగుదల’తో ఆపకండి. తిరస్కరణకి కారణం రాతపూర్వకంగా ఇవ్వడం, తేలని దరఖాస్తులకి ప్రత్యేక స్థితి, తేల్చడానికి గడువు, గడువు దాటితే భారం ఆఫీసు మీద ఉండటం, మనిషిని కలిసే ఒక కిటికీ. ఇవన్నీ మన చట్టాల్లో ఎక్కడో ఒక చోట ఇప్పటికే ఉన్నాయి. ఉదాహరణకి సెక్షన్ సంఖ్యతో సహా రాయవచ్చు.

ఇంకా ఇప్పుడే కోడ్ రాస్తున్నవాళ్ళకి ఒక మాట. క్యాచ్ బ్లాక్ రాసేటప్పుడు మీరు నిజానికి ఒక ఆఫీసు ఉత్తర్వు రాస్తున్నారు. అవతల ఎవరూ లేనప్పుడు ఏం చెప్పాలో మీరు ముందే నిర్ణయిస్తున్నారు. ‘తెలియదు’ అని చెప్పడానికి చోటు ఉంచండి. నేను మూసేసిన తొమ్మిది టికెట్లలో ఒక్క దాంట్లోనైనా ‘మాకు ఇంకా తెలియదు, చూసి చెప్తాం’ అని రాసి ఉంటే, ఆ పిల్లల్లో ఒకరికైనా తహసీల్దారు ఆఫీసుకి రెండోసారి బస్సు చార్జీ తప్పేది.

రేపు మనలో కొందరు ఫైలు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. మన ముందుకి వచ్చే జాబితాలో ‘తిరస్కరణ’ అని ఉంటుంది, పక్కన ఒక అంకె ఉంటుంది. అప్పుడు ఆ డిప్యూటీ డైరెక్టరు అడిగిన ప్రశ్న అడగడం మర్చిపోవద్దు. ఇందులో నిజంగా చూసి తిరస్కరించినవి ఎన్ని?

ఈ వారం సాధన ప్రశ్న: ‘ప్రభుత్వ సేవల డిజిటలీకరణలో జవాబు రాకపోవడానికీ, జవాబు ప్రతికూలంగా రావడానికీ మధ్య తేడా చెరిగిపోతే సహజ న్యాయ సూత్రాలకి భంగం కలుగుతుంది.’ సమాచార హక్కు చట్టం నుంచి ఉదాహరణలతో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు.